పిలువని పాతాళము

హేమంతము నడుమ వంశధారా తీరమునందలి యా చిన్న పట్టణముపై పొద్దెక్కినను మంచు విడువక యుండెను. ఏటిమీదినుండి లేచిన తెల్లని యావిరి కోతలు ముగిసిన వరిచేల మీదుగా ప్రాకివచ్చి సంతబయలు నడుమ వెలసిన రేకుల నాటకశాల కప్పుపై నిలిచి చూరుల వెంట బొట్లు బొట్లుగా కారుచుండెను. ద్వారముకడ గట్టిన రంగుల పటమునందు కరాళుడను మాంత్రికుడు కోరమీసములతో నిప్పుకణికలవంటి కన్నులతో దారిబోవువారిని బెదరించుచుండగా ఆ మంచునీరు చెక్కిళ్ళపై జారి యాతడు వెక్కి వెక్కి యేడ్చుచున్నట్లు తోపించెను. చూచినవారికి నవ్వు రాదగిన దృశ్యమే యైనను ఆ యుదయమున నాటకశాలలోనివారికి నవ్వుటకు మనస్సు లేకుండెను.

కోటమర్తివారి నాట్యమండలి తరతరములుగా ఊరూర డేరా వేసి యొకే కుటుంబమువలె బ్రదుకు నటుల సమూహము. దాని యజమాని దక్షిణామూర్తి డెబ్బదియేండ్లు దాటినను కరాళుని వేషమును మఱియొకనికి విడువని వృద్ధసింహము. ఆయన కూతురు అలివేణి రాజకుమారి వేషము ధరించును. రంగస్థలపు బల్లల నడుమ నొక చదరపు మూత కలదు. కరాళుడు శపించినంతనే ఆ మూత క్రిందికి విచ్చుకొని పైన నిలిచిన రాజకుమారి మాయమగును గావున మండలివారు దానిని పాతాళమని పిలుతురు. మోకాళ్ళు వంచి సిద్ధముగా నిలిచి శాపము ముగియునప్పుడు క్రిందనున్న దూదిపరుపుపై దుముకుట అలివేణికి చిన్ననాటినుండి యలవాటు. కాని గడచిన సాయంకాలమున శాపపు మాట యొక్కటియు పలుకకమునుపే, కరాళుడింకను సింహాసనమునుండి లేవకమునుపే, పాతాళము తనంత తాను నోరు తెరచెను. ఏమఱియున్న యా యువతి ప్రక్కకు ఒరిగి పడుచుండగా క్రిందనున్న పైడన్న యను సేవకుడు రెండు చేతుల నందుకొనుటచేత దూలమునకు తగులవలసిన తల తప్పి మోచేతి చర్మము మాత్రము లేచిపోయెను.

ఇక ప్రశ్న యొక్కటే. ఆ మూతను తెరచిన దెవరు?

పూర్వము మూత పైడన్న చేతిలోనిది. మీసము మొలచిన నాటినుండి రంగస్థలము క్రింది చీకటిలో కూర్చుండి పైనుండి వచ్చు మాటను విని మోకు లాగుటయే వాని వృత్తి. ఈ యేడు దక్షిణామూర్తి కోడలు చారుమతి ఇంజనీరింగు చదివిన తన తెలివినంతయు ధారపోసి చిన్న కంప్యూటరునకు తీగలు కలిపి మెఱుపును ఉఱుమును పొగను పాతాళమును వానను మీట నొక్కినంతనే పలుకునట్లు చేసెను. ఆమె భర్త విశ్వంభరుడు తెరప్రక్కను కూర్చుండి మీటలు నొక్కును. పైడన్న మోకు చుట్టచుట్టి మూలను పడెను. ఐనను మూత గడియను క్రిందినుండి చేతితో తీయుట సాధ్యమే. ఆ సాధ్యమే నేడు వానికి శత్రువయ్యెను.

దక్షిణామూర్తి రంగస్థలముపై కుర్చీ వేయించుకొని అందఱిని పిలిపించెను.

“విశ్వం, పాతాళం మీట నువ్వు నొక్కావా?”

“లేదు నాన్నగారూ. దాని మీద వేలైనా పెట్టలేదు.”

“అమ్మా చారుమతీ, నొక్కకపోతే అది తనంతట తాను తెరుచుకుంటుందా?”

చారుమతి యించుక యాలోచించి తాను నమ్మిన సత్యమునే పలికెను. “యంత్రానికి సొంత బుద్ధి ఉండదు మావయ్యగారూ. ఎవరూ చెప్పనిది అది చేయదు.”

ఆ మాట సత్యమే. కాని యా సత్యము వెంటనే ఉరిత్రాడై పైడన్న కంఠమునకు చుట్టుకొనెను.

“అయితే మిగిలింది కిందున్నవాడే,” అనెను దక్షిణామూర్తి.

పైడన్న తలపాగ తీసి చేతబట్టుకొని, “నానెందుకు తీత్తాను బాబూ? ఆ పిల్ల నా బుజాల మీద పెరిగింది,” అనెను.

“మరి పడుతుందని ముందే తెలిసినట్టు చేతులు చాచుకుని నిలబడ్డావే?”

“మూత మీద మనిసున్నంతసేపూ నాను కిందనే ఉంటాను. మీ యంత్రం వొచ్చిందని నా కాళ్ళకి ఎవులూ సెప్పలేదు.”

“ఆ యంత్రం ఒకనాడు ఎవరినో మింగుతుందని అందరి ముందూ అన్నావా లేదా?”

“అన్నాను. మింగబోయింది. దాని నోట్లోంచి లాగినోణ్ణి నానే గదా.”

హార్మోనియమువాయించువాడు కిసుక్కున నవ్వి యజమాని చూపు తనవైపు తిరుగగా దగ్గు నటించెను. దక్షిణామూర్తి కోపము మితభాషి. ఆయన లేచి పైబట్ట సవరించుకొనుచు, “సాయంత్రం మొదటి గంట కొట్టేలోగా పెట్టె సర్దుకో పైడన్నా. కూతురి ప్రాణంతో నేను బేరమాడలేను,” అని లోనికి పోయెను.

ఆ మండలిలోనే పుట్టి ఆ డేరాల నీడనే పెరిగి పెండ్లాడి భార్యను గూడ ఒక మజిలీలోనే పోగొట్టుకొనిన వానికి సర్దుకొనుటకు పెట్టె యుండెనేమో గాని పోవుటకు ఊరు లేదు.

చారుమతి యా విషయము నెఱుగును. తన మాటయే వాని బహిష్కారమునకు మూలమయ్యెనని యెఱిగి యామె యంత్రముకడ కూర్చుండెను. వానిని రక్షింపవలెనను తలంపుకంటె ముందు వేఱొక కుతూహల మామె మనస్సును దొలిచెను. యంత్రము చెప్పినదే చేసినచో, చెప్పిన దెవరు?

ఆ యంత్రమునందలి యేర్పాటు ఇట్టిది. మెఱుపునకు ఒకటి. ఉఱుమునకు రెండు. పొగకు నాలుగు. పాతాళమునకు ఎనిమిది. వానకు పదునారు. ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపగుటచేత వీనిలో నేవి యేవి కలిసినను వచ్చు మొత్తము మఱి యే యితర కలయికకును రాదు. మూడన్నచో మెఱుపును ఉఱుమును. ఐదన్నచో మెఱుపును పొగయు. ఇట్లు రంగస్థలపు సర్వస్థితియు నొకే సంఖ్యలో నిమిడియుండును. అందేదైన నొకటి వెలిగియున్నదో లేదో తెలియగోరినచో మిగిలినవానిని మఱుగుపఱచి దాని నొక్కదానినే చూపు గుర్తు కంప్యూటరు భాషలో వేఱుగా కలదు. ఎవరైన మీట నొక్కినప్పుడు ఆ మీట సంఖ్యను ఉన్న సంఖ్యకు కలుపవలెను. చారుమతి ఆ కలుపుట కొఱకు చిన్ననాటినుండి పరిచితమైన కూడిక గుర్తును వాడెను. ప్రోగ్రాము వ్రాసిన నాడు పరీక్షింపగా అన్నియు సరిగానే నడచెను.

ఇప్పుడును నడచెను. మెఱుపు నొక్కగా మెఱసెను. ఉఱుము నొక్కగా ఉఱిమెను. పొగయు వానయు చెప్పినట్లు వినెను. వరుస మార్చి నొక్కినను రెండేసి మూడేసి కలిపి నొక్కినను పాతాళము తన మీట నొక్కినప్పుడు దప్ప కదలలేదు. ఏ పరీక్ష చేసినను యంత్రము నిర్దోషిగా తేలుచుండెను. యంత్రము నిర్దోషియైన కొలది పైడన్న దోషి యగుచుండెను. గెలుపు వచ్చిన కొలది భయపడు వింత స్థితిలో నామె చిక్కుకొనెను.

అంతట మోచేతికి కట్టు కట్టించుకొని అలివేణి వచ్చి ప్రక్కను కూర్చుండెను.

“దొరికాడా వదినా దొంగ?”

“దొరికితే బాగుణ్ణు. నిన్న పడేముందు ఏం చూశావో మళ్ళీ చెప్పు.”

“ఏముంది చూడ్డానికి? మెరుస్తోంది, ఉరుముతోంది. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. అది రాజకుమారి భయమని జనం మెచ్చుకుంటున్నారు.” అలివేణి నవ్వి యంతలో కనుబొమలు ముడిచి, “పొగ అప్పుడే నా పాదాల దగ్గరికి వచ్చింది. వచ్చి తెగిపోయింది. నా కాళ్ళు నాకు శుభ్రంగా కనిపించాయి. ఆ తరవాత కాళ్ళ కింద ఏమీ లేదు,” అనెను.

“పొగ తెగిపోయిందా?”

“టక్కున. కుళాయి కట్టేసినట్టు.”

చారుమతి చేతివ్రేళ్ళు మీటలపై నిలిచిపోయెను. క్రిందనున్న మనుష్యుడు గడియ తీయగలడు. మూత తెరువగలడు. కాని రంగస్థలమునకు ఆవలి మూలను తెరవెనుక నున్న పొగయంత్రము నార్పుటకు వానికి చేయి చాలదు. పొగ యాగుటయు మూత తెరుచుటయు నొక్క క్షణమున జరిగినవనిన ఆ రెండు పనులను చేసిన చేయి యొక్కటే. అది పైడన్న చేయి కాదు.

“పడటానికి ముందు మీ నాన్నగారు ఏం చేస్తున్నారు?”

“చేసేదేముంది? సింహాసనం మీద కూర్చుని పొగ కోసం మెట్టు తొక్కుతున్నారు.”

ఆ మెట్టునకు నొక చరిత్ర కలదు. దక్షిణామూర్తి తండ్రి కాలమున కరాళుడు సింహాసనముపై నుండి మెట్టును పాదముతో దన్నగా ఆ చప్పుడు విని క్రిందివాడు కుంపటిలో గుగ్గిలము చల్లి పొగ లేపువాడు. కరాళుని పొగను కరాళుడే పిలువవలెను గాని వేఱొకరు పిలువరాదని మండలి ఆచారము. పెద్దల యాచారమును మన్నించి చారుమతి యా మెట్టు క్రింద నొక మీట నమర్చి దానిని పొగ సంఖ్యకు కలిపియుండెను. ఆమె లేచి మామగారి గుడారమునకు పోయెను.

దక్షిణామూర్తి అద్దము ముందు కూర్చుండి మీసమునకు జిగురు పూయుచుండెను.

“మావయ్యగారూ, నిన్న మెట్టు ఎన్నిసార్లు తొక్కారు?”

“ఎన్నిసార్లేమిటమ్మా? పొగ కోసం తొక్కాను.”

“ఒక్కసారేనా?”

“లెక్క పెట్టుకుంటూ శపిస్తారా ఎవరైనా? మొన్నటిదాకా తొక్కగానే వచ్చేది. నిన్న చలికి ఆ యంత్రం ముక్కుతూ మూలుగుతూ కూర్చుంది. రాకపోతే మళ్ళీ తొక్కుతాం. వచ్చేదాకా తొక్కుతాం. మా నాన్నగారూ అలాగే తొక్కేవారు. గుగ్గిలం ఇంకో పిడికెడు పడేది.”

చారుమతి ఆ యర్ధమీసపు ముఖమును చూచుచు నిలువబడిపోయెను. పిడికెడుపై పిడికెడు గుగ్గిలము పడినచో పొగ చిక్కనగును. కాని నాలుగుపై నాలుగు పడినచో ఏమగునో యామెకు రెండవ తరగతి పిల్లవానివలె తెలియును.

“ఒక్కసారి రంగస్థలం మీదికి రండి మావయ్యగారూ. మీరే తొక్కాలి.”

మూతపై అలివేణికి మాఱుగా ఇసుకమూటను నిలిపిరి. మండలియంతయు మూగెను. పైడన్న తన రేకుపెట్టెను ద్వారముకడ దింపి దూరముగా నిలిచెను. విశ్వంభరుడు మెఱుపును ఉఱుమును నొక్కి చేతులు పైకెత్తి చూపెను. దక్షిణామూర్తి ఒకప్రక్క మాత్రమే మీసముతో సింహాసనమెక్కి మెట్టు తొక్కెను. తెరవెనుకనుండి సన్నని పొగ సాగివచ్చెను. మూత కదలలేదు.

“ఏమైంది? నిక్షేపంగా ఉందిగా,” అనెనాయన.

“రానట్టు అనుకుని మళ్ళీ తొక్కండి.”

ఆయన తొక్కెను. మెఱుపు మెఱయుచునే యుండెను. ఉఱుము ఉఱుముచునే యుండెను. పొగ మాత్రము తెగిపోయెను. ఆ క్షణముననే పాతాళము నోరు తెరచి ఇసుకమూటను మ్రింగి క్రింది పరుపుపై దబ్బుమనిపించెను.

చారుమతి మెల్లగా చెప్పెను. “పొగకి నాలుగు అని పేరు పెట్టాను. పాతాళానికి ఎనిమిది. మీరు ఒక పొగనే రెండుసార్లు అడిగారు. నేను దాన్ని కూడమని రాశాను. నాలుగూ నాలుగూ ఎనిమిది. పొగ పోయి పాతాళం వచ్చింది. ఒకసారి నొక్కితే కూడినా తేడా తెలియదు. నేను ప్రతిదీ ఒక్కొక్కసారే నొక్కి చూసుకుని, బాగుందనుకున్నాను. వెలిగినదాన్నే మళ్ళీ వెలిగించమంటే ఏమవుతుందో ఒక్కసారీ అడగలేదు. తప్పు నాది.”

దక్షిణామూర్తి తన పాదమువంక చూచుకొనెను. పిమ్మట సింహాసనము దిగి మండలి నడుమగా నడచి పైడన్న యెదుట నిలిచెను.

“తొక్కింది నేను పైడన్నా.”

“మీరు తొక్కేరు. ఈయమ్మ రాసింది. గెంటుబడింది నాను. ముగ్గురం సమానంగా పంచుకున్నాం బాబూ.”

“పెట్టె లోపల పెట్టు.”

పైడన్న పెట్టెను ముట్టుకొనలేదు. “ఇది తేలింది. బాగుంది. రేపు ఇంకోటేదో వొత్తాది. యంత్రం సెప్పింది సేత్తాదని కోడలమ్మ మళ్ళీ సెప్తాది. కిందున్నోడు ఎవుడని మీరు మళ్ళీ అడుగుతారు. కిందున్నోణ్ణి నానొక్కణ్ణే. మూత నా సేతిలో ఉన్నన్నాళ్ళూ తప్పు నాదయితే నాదనే ఒప్పుకున్నాను. ఇప్పుడు మూత మీది, నింద నాది. ఈ కాపరం నాకొద్దు.”

ఇంతకాలము సేవించినవాడు క్షమింపబడుటకు గాక న్యాయము కొఱకు నిలువబడినప్పుడు క్షమించుటకే యలవాటుపడిన పెద్దతనము చేతులు కట్టుకొని నిలువవలసివచ్చును. చారుమతి పైడన్న ముఖమును పరీక్షగా చూచెను. యంత్రమునందు తాను సరిదిద్దబోవునది యొక గుర్తు మాత్రమే. ఈతడు చెప్పుచున్నది అంతకంటె లోతైన లోపము.

“సాయంత్రం దాకా ఆగు పైడన్నా. మూతలో సగం నీకు తిరిగి ఇస్తాను,” అనెను.

మొదట నామె కూడిక గుర్తును తుడిచి దాని చోట నొక నిలువుగీత నుంచెను. ఆ గీత యర్థ మిది: వెలిగియున్నదియు కోరినదియు కలిసి వెలుగునుగాక, వెలిగియున్నదానినే మరల కోరినచో అది వెలిగియే యుండునుగాక. వెలిగినవాని నార్పుటకు వేఱుగా నున్న మీటలకడ తీసివేత గుర్తును గూడ తొలగించెను. లేని పొగ నార్పుమన్నను ఆ పాత లెక్క మఱి యే తలుపునో కదలింపగలదని యిప్పు డామెకు తోచెను.

పిమ్మట విశ్వంభరుని బజారునకు పంపి కాలింగ్ బెల్ మీట నొకదానిని తెప్పించి రంగస్థలము క్రింద పైడన్న కూర్చుండు చోట దూలమునకు బిగించి దానికి వాన తరువాతిదగు ముప్పదిరెండను సంఖ్య నిచ్చెను. ఇక పాతాళము తెరువబడవలెనన్నచో పైనుండి విశ్వంభరుని ఎనిమిదియు క్రిందినుండి పైడన్న ముప్పదిరెండును గూడి యుండవలెను. ఇచ్చటను నొక సూక్ష్మము కలదు. మిగిలినవానిని మఱుగుపఱచి యీ రెంటిని చూపుమని యడిగి ఏదేని మిగిలిన చాలునని వ్రాసినచో ఇద్దఱిలో నెవ్వడు నొక్కినను మూత తెరుచుకొనును. అది కాపలాను రెట్టింపు చేయుటకు మాఱుగా అపాయమును రెట్టింపు చేయుట. చారుమతి ఈమాఱు తొందరపడలేదు. ఆ రెంటి మొత్తమైన నలువదికి నలువదియు మిగిలినగాని తెరువరాదని వ్రాసి, ఒకరు నొక్కినప్పుడును ఇద్దఱు నొక్కినప్పుడును ఒకరు పలుమార్లు నొక్కినప్పుడును ఇసుకమూటతో పరీక్షించెను.

పైడన్న క్రింద కూర్చుండి యా మీటను వ్రేలితో తడవి చూచెను.

“నాను నొక్కకపోతే?”

“తెరుచుకోదు.”

“బాబుగోరు సెప్పినా?”

“ఆయన ఎన్నిసార్లు తొక్కినా.”

వాడు పైనున్న బల్లలవైపు చూచి మొదటిసారిగా చిరునవ్వు నవ్వెను. పెట్టె యెప్పుడు లోనికి వచ్చెనో ఎవరును చూడలేదు.

సాయంకాలము గంటలు మ్రోగెను. జనము శాలువలు కప్పుకొని వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు కూర్చుండిరి. కథ నడచి కరాళుని సభ వచ్చెను. రాజకుమారి మూతపై నిలిచెను. కరాళుడు మెట్టు తొక్కెను. చలికి పొగ యాలసించెను. ఆయన మఱల తొక్కెను. తెరప్రక్కను చారుమతి చీర చెఱగును పిడికిట బిగించెను. ఆయన ఇంకొకమాఱు తొక్కెను. మూత చలింపలేదు. పొగ మెల్లమెల్లగా పొంగి రాజకుమారి పాదముల గప్పి మోకాళ్ళ నంటెను.

అంతట శాపఘట్టము వచ్చెను. కరాళుడు దండమెత్తి, “పాతాళమునకు పొమ్ము,” అని గర్జించెను. విశ్వంభరుడు మీట నొక్కెను.

మూత తెరువబడలేదు.

రంగస్థలము క్రింద పైడన్న వ్రేలు మీటపై నుండియు నొక్కక నిలిచియుండెను. మూత సందునుండి రాజకుమారి పట్టుకుచ్చుల యంచు జానెడు క్రిందికి చిక్కి వ్రేలాడుచుండెను. అట్లే పడినచో ఆ గుడ్డ యామెను నడుమ బిగబట్టి తలక్రిందు చేయును. వాడు బల్లపై వ్రేలి కణుపుతో రెండుమాఱులు తట్టి యా యంచును పైకి దోసెను.

పైన కరాళుడు దండమెత్తినవా డెత్తినట్లే యుండెను. ప్రొద్దున పొమ్మని తాను శాసించిన మనుష్యుని సమ్మతి కొఱకు ఇప్పుడు వేయి కన్నుల యెదుట కాచుకొనవలసిన గడియ యది. దక్షిణామూర్తి నటుడు. ఆయన దండమును నెమ్మదిగా దింపి మూతచుట్టును ప్రదక్షిణముగా నడచి యెన్నడును ఆ నాటకమున లేని మాటలను కూర్చుకొనుచు ఆ రాజకుమారి సౌందర్యమును ఆమె గర్వమును ఆమె తండ్రి యవివేకమును వర్ణింప నారంభించెను. తండ్రి యవివేకమను మాటను ఆయన మూతవైపు వంగి రెండుమాఱులు పలికెను. జనమది యభినయమని యెంచి వేరుసెనగకాయ లొలుచుట మానిరి. అలివేణి తట్టిన చప్పుడు విని పాదము కదపి కుచ్చుల నావలికి లాగుకొని మోకాళ్ళు వంచెను.

“పొమ్ము,” అనెను కరాళుడు మఱల. ఈమాఱు గర్జింపలేదు. అడుగుచున్నట్లనెను.

పైడన్న నొక్కెను.

మెఱుపు మెఱసిన క్షణమున రంగస్థలముపై రాజకుమారి లేదు. క్రింది చీకటిలో పరుపుపై పడి దొర్లి కూర్చుండి కిరీటము సరిచేసికొనుచు అలివేణి, “ఇంత ఆలస్యమేమిటి మావా, మా నాన్నకి పద్యాలన్నీ అయిపోయేవి,” అనెను.

“అవ్వనీ. ఎప్పుడూ మనమే ఆయన కోసం సూత్తాం,” అనెను పైడన్న.

నెత్తిమీద చప్పట్లు మొదలయ్యెను. పైనుండువారికి అది మెప్పు. క్రిందనుండు వారికి బల్లల మీదుగా కురియుచు సందులనుండి ధూళిగా రాలు వానచప్పుడు. ఆ వాన వెలిసి రంగస్థలముపై కడపటి యడుగుచప్పుడు మూతను దాటిపోవువఱకు పైడన్న చీకటిలో తలయెత్తి చూచుచునే యుండెను.